పాలగుత్తి కోట

కనుమ కొమ్మున నిలబడి చూస్తే ధూమ్రలోయ వెండి పళ్ళెంలా మెరుస్తోంది. చుట్టూ కారుమబ్బుల్లాంటి కొండలు. ఆ కొండల ఒడిలో, వేసవిలో మంచు కురిసిందా అని భ్రమ గొలిపే తెల్లటి పూత. ఎడతెగని వానలు పడే అడవుల్లో, ఎండ నేలకు తగలని చోట్ల పెరిగే పాలగుత్తి పొదలవి. నూనె రాసినట్టు నిగనిగలాడే ఆకులు జంట జంటలుగా ఉన్నాయి. ప్రతి రెమ్మ చివరా ముత్యాలను గోపురంగా పేర్చినట్టు చిన్న చిన్న పూల గుత్తులు. లోయ నడుమ ఒక కోట. దానికి రాతిగోడ లేదు, అగడ్త లేదు. ఏనుగు ఎత్తున పెరిగి, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసినట్టు అల్లుకుపోయిన పాలగుత్తి పొదలే దాని ప్రాకారం.

కేతకీపుర యువరాజు అరిందముడి కళ్ళు ఆ పూత మీద నిలవలేదు. గుర్రాల కోసం, గుడారాల కోసం, మొగలిపువ్వు గుర్తున్న తమ పచ్చజెండా కోసం లోయంతా గాలించాయి. ఈ లోయను కాజేసి, దారిన పోయే బిడారులను మాయం చేస్తున్న ధూమకంఠుడనే మాంత్రికుణ్ణి అణచడానికి అతని చెల్లెలు మరాళిక ఆశ్వికదళంతో ఈ కనుమే దిగింది. కత్తి తిప్పడంలో అన్నకు ఏమాత్రం తీసిపోని పిల్ల. ఆమె వెంట దిగినవారిలో ఒక్కరూ తిరిగి రాలేదు. యుద్ధమే జరిగి ఉంటే విరిగిన ఈటెలుండాలి, ఎముకలుండాలి, పైన రాబందులు తిరుగుతుండాలి. ఇక్కడ తేనెటీగల రొద తప్ప మరో అలికిడి లేదు.

"దొరా, నాకీ వాసన నచ్చలేదు" అన్నాడు కోనప్ప, పైకండువా ముక్కుకు అడ్డం పెట్టుకుంటూ.

కోనప్ప పగటివేషగాడు. బైరాగి, కోమటిసెట్టి, గంగిరెద్దులవాడు, ముసలి జంగమయ్య, ఏ వేషం కట్టినా కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. చిన్నప్పుడు యువరాజును భుజానెక్కించుకుని రాజవీధిలో ఆడించిన చనువు అతనిది. ఈ పూట అరిందముడి ఒంటికి మోదుగరసం పులిమి, నెత్తికి మాసిన తలపాగా చుట్టి, ఖడ్గాన్ని వెదురుబద్దల మోపులో దాచి వీపున కట్టి, తోటమాలిని చేసిందీ అతనే.

"మా ఊళ్ళో పాలగుత్తి పూసిందంటే పెళ్ళిపందిట్లో కడతారు. నాలుగు గుత్తులు గుంజకు కడితే ఇల్లంతా ఘుమఘుమలాడుద్ది. ఇదేంది దొరా, పీనుగ కాడ సాంబ్రాణి వేసినట్టుంది!"

"నడు" అన్నాడు అరిందముడు.

"నడుస్తా గానీ, ఒక్క మాట. ఆ లోపల నువ్వు నోరు విప్పకూడదు. నీ ఒంటికి మన్ను పూయగలను గానీ, నాలిక్కి పూయలేను. ఒక్క ముక్క మాట్లాడావా, పక్షులు కూడా 'రాజుగారబ్బాయి' అని గుర్తుపడతాయి. నువ్వు మూగోడివి. అంతే."

కోటవాకిట కంకాళి కాపలా ఉంది. రోకళ్ళలాంటి చేతులు, చింతనిప్పుల్లాంటి కళ్ళు, నడుముకు వేలాడే పెద్ద కత్తెర. ఆ కంచెను పెంచేదీ, కత్తిరింపజేసేదీ ఆ రాక్షసే.

"ఎవర్రా మీరు?"

కోనప్ప నడుము సగానికి వంచాడు. "మాలీలం తల్లీ! కంచె కత్తిరించే పనివాళ్ళు కావాలని సంతలో టముకు వేయించారంట గదా. నన్ను కోనడంటారు. ఈడు మా తమ్ముడు బుద్దడు. పుట్టు మూగ. పనిలో మాత్రం రాక్షసుడు... అంటే, తమరంతటోడు కాదులెండి!"

కంకాళి అరిందముడి దగ్గరికి వచ్చి, జబ్బ మీది కండను గోళ్ళతో పట్టి మెలిపెట్టింది. రక్తం చిమ్మింది. యువరాజు గొంతులో అరుపు అక్కడే చచ్చిపోయింది. వెర్రివాడిలా నవ్వాడు.

"మూగోడే" అంది కంకాళి తృప్తిగా. ఇద్దరి చేతుల్లో చెరో కత్తెరా పడేసింది. "వినండి. బయటికి పొడుచుకొచ్చిన రెమ్మలే కత్తిరించాలి. పూలగుత్తి ఒక్కటి రాలిందా, మీ వేళ్ళు రాలతాయి. ఆ పూలు కాయలు కావాలి. కాయలు నల్లబడాలి. నల్లబడ్డ కాయల్ని పిట్టలు తినెయ్యాలి. అంతవరకూ ఈ కంచెను కంటికి రెప్పలా కాయమని అయ్యగారి ఆజ్ఞ."

అరిందముడు మొదటి పొద ముందు నిలబడ్డాడు. ఎండలో ఆకులు తళతళలాడుతున్నాయి. చేతికందిన రెమ్మను కత్తెర నడుమ పెట్టి నొక్కాడు. రెమ్మ తెగింది. ఎక్కడినుంచో, మరీ దగ్గరగా, నొప్పిని పళ్ళ మధ్య బిగబట్టిన మనిషి విడిచే నిట్టూర్పు వినిపించింది.

అతను వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. కొమ్మలను పక్కకు తప్పించి లోపలికి చూశాడు. ఒక లావు కొమ్మలోకి సగం కూరుకుపోయి, బెరడు పొర్లిన చోట, ఒక కంచు కడియం. దాని మీద మొగలిపువ్వు చెక్కడం. పక్కనే గుర్రపు తల బొమ్మ. కేతకీపురంలో ఆ కడియం తొడుక్కునే అర్హత ఒక్కడికే ఉంది. అశ్వశాలకు పెద్ద, మల్లరుద్ర సాహిణి. అరిందముణ్ణి మొట్టమొదట గుర్రమెక్కించి, పడితే లేపకుండా, "నువ్వే లే, నాయనా" అని నిలబడి నేర్పిన మనిషి.

మాను మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది.

అప్పుడర్థమైంది అతనికి. చూపు పారినంత మేర ఆ ప్రాకారమంతా కలయజూశాడు. ప్రతి పొదా ఒక మనిషే. తమ దళం ఎక్కడికీ పోలేదు. తమను బంధించినవాడి కోటకే గోడై కాపలా కాస్తోంది. గుండెలోంచి ఎగదన్నుకొచ్చిన కేకను మింగేశాడు. మూగవాడు కేక పెట్టకూడదు. ఏడవకూడదు. అవతల కంకాళి నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

"కత్తిరించు తమ్ముడూ" అన్నాడు కోనప్ప, తన ముందున్న పొద మీంచి కళ్ళు తిప్పుకుంటూ. అతనూ తన పొదలో ఏదో చూసినట్టే ఉన్నాడు. "ఆ తల్లి చూస్తోంది. కత్తిరించు."

కత్తిరించాడు. తనను పెంచిన చేతుల వేళ్ళను ఒక్కొక్కటిగా తానే తుంచుతున్నట్టు కత్తిరించాడు. ప్రతి రెమ్మకూ ఒక నిట్టూర్పు. ఒక్కటైనా శాపనార్థంలా లేదు. అదే అతనికి భరించశక్యం కాలేదు.

కంకాళి మలుపు తిరిగి కనుమరుగు కాగానే అతను పొద పొదకూ పరుగెత్తాడు. "అమ్మడూ!" అని గుసగుసగా పిలుస్తూ పోయాడు. ఇంట్లో తప్ప ఎవరికీ తెలియని పేరది. ఆకులు కదలలేదు. పరుగెత్తాడు, పిలిచాడు. తూర్పు మూలన, అన్నిటికన్నా విరగబూసిన ఒక పొద దగ్గర ఆ పిలుపు పూర్తికాకముందే జల్లున పూలు రాలాయి. గాలి లేదు. పక్క పొదలు నిశ్చలంగా ఉన్నాయి. ఆ ఒక్క పొదే నిలువెల్లా వణుకుతూ, తెల్లటి రేకులను అతని తల మీద, భుజాల మీద కుమ్మరించింది.

అరిందముడు ఆ కొమ్మలను రెండు చేతులా దగ్గరికి తీసుకున్నాడు. క్షణం కాలు నిలవని పిల్ల. అద్దం ముందు నిలబడి జడ వేయించుకునే ఓపిక లేక సగం జడతోనే తురగశాలకు పరుగెత్తే పిల్ల. ఆమె కాళ్ళు ఇప్పుడు మట్టిలో ఉన్నాయి.

"వచ్చాను కదా" అన్నాడు. వచ్చి చేయగలిగిందేమిటో అతనికే తెలియలేదు.

వెనక అడుగుల చప్పుడైంది. కంకాళి గొడ్డలి భుజాన వేసుకుని, నలుగురు భటులతో వస్తోంది. కోనప్ప ఆమె వెంట రొప్పుతూ పరుగెడుతున్నాడు.

"ఒరేయ్ మూగోడా! అయ్యగారు ఈ మూల కొత్త వాకిలి పెట్టమన్నారు. ఈ పొద అడ్డం. మొదలంటా నరుకు" అంటూ గొడ్డలిని అతని పాదాల దగ్గర విసిరింది.

కోనప్ప మధ్యలోకి దూరాడు. "తల్లీ తల్లీ! పూత మీదున్న చెట్టును నరికితే వంశం నిలవదంటారు. పోనీ, ఆ పక్కన..."

"నా వంశం సంగతి నీకెందుకురా?" కంకాళి కోనప్పను ఒక్క తోపు తోసి, గొడ్డలి తానే అందుకుని పైకెత్తింది.

"ఆగు!"

మూగవాడి గొంతు లోయంతా మారుమోగింది. కంకాళి బిత్తరపోయిన ఆ లిప్తలో అరిందముడు వీపు మీది మోపులోంచి దాచిన ఖడ్గం లాగాడు. గొడ్డలి పిడి రెండు ముక్కలైంది. రెండో దెబ్బ ఖడ్గం వెనక మొద్దుతో కణత మీద పడింది. కంకాళి కొండచరియ విరిగినట్టు కూలింది. భటులు మీదికి దూకారు. ఒకడి ఈటె పట్టి లాగి మరొకడి మీదికి విసిరాడు. మూడోవాడు డాలు వదిలి పరుగందుకున్నాడు. నాలుగోవాడి గొంతు మీద అరిందముడి కత్తి మొన ఆనింది.

అంతలో ఎక్కడో చప్పట్లు వినిపించాయి. మూడుసార్లు, తాపీగా.

ప్రాకారం కదిలింది. పొదలన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు ముందుకు వంగాయి. పచ్చటి కొమ్మలు తాళ్ళలా సాగి అరిందముడి నడుముకు, మోకాళ్ళకు, మెడకు చుట్టుకున్నాయి. కుడి మణికట్టును వాకిటి వైపు నుంచి సాగివచ్చిన ఒక బలమైన కొమ్మ పట్టి బిగించింది. ఎడమచేతికి ఖడ్గం మార్చి దాన్ని నరకబోయాడు. ఆకుల సందున కంచు కడియం మెరిసింది.

అరిందముడి చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. ఎవరిని నరకాలి? ఏ కొమ్మ చూసినా తనవాడే. వాళ్ళు కావాలని పట్టుకోవడం లేదు. ఆ ఆకులన్నీ వణుకుతున్నాయి. ఖడ్గం అతని వేళ్ళలోంచి జారి నేలమీద పడింది.

పూలగుత్తుల నడుమ దారి విచ్చుకుంది. ధూమకంఠుడు నడిచి వచ్చాడు. బక్కపలచని మనిషి. మెడ చుట్టూ పాములా చుట్టుకుని తిరుగుతున్న నల్లటి పొగ. దాని పైన నవ్వుతున్న ముఖం.

"కేతకీపుర యువరాజా, స్వాగతం! చెల్లెలిది ఆవేశం. నీది ఆలోచన. ఇద్దరూ చేరింది నా కంచెకే. నీ దండు ఎంత చక్కగా పూసిందో చూశావా? ఈ పూత రాలి, కాయ నల్లబడి, పిగిలిపిట్టలు ఆ కాయలు తిని ఎగిరిపోయాయంటే, ఇక బ్రహ్మ దిగివచ్చినా వీళ్ళు మనుషులు కాలేరు."

"నీకు కావలసింది నా రాజ్యమైతే తీసుకో. వీళ్ళను వదిలిపెట్టు."

"రాజ్యం దానంతట అదే వస్తుంది. వారసులిద్దరూ నా దొడ్డిలో ఉన్నాక ఎక్కడికి పోతుంది? అయినా అడిగావు కనుక చెబుతున్నాను. ఈ మంత్రానికి ఒక ధర్మముంది. ఒక వేరు కదలాలంటే దాని బదులు మరొక వేరు నేలలో దిగాలి. తనంతట తానుగా దిగాలి. నిలబడతావా? నీ చెల్లెల్ని మళ్ళీ మనిషిని చేస్తాను. ప్రమాణం!"

అరిందముడు ఆలోచించడానికి అక్కడేమీ లేదు. చెల్లెలి పొద మొదట్లో పిడి విరిగిన గొడ్డలి ఇంకా పడి ఉంది.

భటులు కోనప్పను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. వేషగాడు బావురుమని మాంత్రికుడి కాళ్ళ మీద పడ్డాడు. "నాకేం తెల్వదు సామీ! దారిలో కలిశాడు, మూగోణ్ణి అన్నాడు, నమ్మి తెచ్చుకున్నా! ఈ దొంగ నా కొంప ముంచాడు!"

అరిందముడు అతని కళ్ళలోకి చూశాడు. ఆ ఏడుపులో ఏది వేషమో, ఏది నిజమో అతనికొక్కడికే తెలుసు. అందుకే అసహ్యం ఉట్టిపడేలా గర్జించాడు.

"ఛీ, పిరికిపందా! నా కళ్ళముందు నిలవకు! కనుమ దాకా వెనక్కి చూడకుండా పారిపో! నాకు పట్టిన ఈ గతి ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా నావాళ్ళకు చెప్పావో, నీ వంశం దుంపనాశనమవుతుంది!"

కోనప్ప ఏడుపు ఒక్క క్షణం ఆగింది. "చెప్పను దొరా" అన్నాడు. "చచ్చినా చెప్పను."

"నిలబడుతున్నాను" అన్నాడు అరిందముడు మాంత్రికుడితో.

మొదట అరికాళ్ళు చల్లబడ్డాయి. మట్టి మెత్తగా పీల్చుకుంది. కాలివేళ్ళు సాగి సాగి, చీకటిలో రాళ్ళ సందుల్లోకి దారి వెతుక్కున్నాయి. మోకాళ్ళు బిగిశాయి. పైకెత్తిన చేతులు దించుదామంటే దిగలేదు. చర్మం మీద బెరడు పాకింది. కళ్ళు పోయినా వెలుతురు పోలేదు. ప్రతి ఆకూ ఒక కన్నయింది. నోరు మాత్రం లేదు. ఎంత వెతుక్కున్నా ఒంట్లో ఎక్కడా నోరు లేదు.

పక్కన ఉన్న పొద నేల చీల్చుకుని విడివడింది. ఆకులు రాలిపోయాయి. మట్టి కొట్టుకున్న కవచంతో, జుట్టు నిండా తెల్లపూలతో మరాళిక మోకాళ్ళ మీద పడింది. గాలి చాలనట్టు ఊపిరి పీల్చింది. చేతికి తగిలిన ఖడ్గాన్ని పట్టుకుని, దాని పిడి చూసి ఉలిక్కిపడింది.

"ఇది మా అన్న కత్తి! నన్నెవరో పిలిచారు... అన్న పిలిచాడు. ఏడీ అన్న?"

అమ్మడూ, ఇక్కడ అన్నాడు అరిందముడు. ఆకు కూడా కదలలేదు.

కోనప్ప ఒక్క గెంతులో ఆమె పక్కన వాలాడు. "నేనమ్మా, కోనప్పను! యువరాజులుంగారు కనుమ మీద ఉన్నారు. తమరికోసమే కాసుకున్నారు. కత్తి గుర్తుగా పంపారు. పదండి!"

"పంపాడా? తను రాలేదా?" ఆమె గొంతులో చిన్నపిల్ల అలక. "సరే, పద!"

భటుల్లో ఒకడు అడ్డం వచ్చాడు. ఖడ్గం ఒక్కసారి తిరిగింది. వాడు పక్కకు తప్పుకున్నాడు. మరాళిక వేళ్ళు పెగిలిన చోట కంచెలో సందు ఏర్పడింది. దాని అవతల మేస్తున్న భటుల గుర్రాలు కనిపిస్తున్నాయి.

ధూమకంఠుడు పకపకా నవ్వాడు. "మనిషిని చేస్తానన్నాను. పోనిస్తానన్నానా? కొత్త పొదా, ఇదే నీ మొదటి కొలువు. పట్టుకో దాన్ని!"

అరిందముడు తన ఒంట్లోని బలమంతా కూడదీసుకుని కదలకుండా ఉండాలనుకున్నాడు. కదలిక అతని చేతిలో లేదు. కుడివైపు కొమ్మ దానంతట అది సాగింది. వద్దు, వద్దు అని అతను లోలోపల గింజుకుంటుండగానే పోయి చెల్లెలి చేతిని, మోచేతి పైన, గట్టిగా చుట్టేసింది.

మరాళిక ఎడమచేత్తో ఖడ్గమెత్తి, చటుక్కున ఆగింది. ఆ కంచెలో నిలబడ్డ మనిషి ఆమె. ఆ కొమ్మలంటే ఏమిటో ఆమెకు తెలుసు.

"కోనప్పా, ఇందులో ఎవరున్నారు?"

కోనప్ప ఆ పొదను చూశాడు. ఊరూరా తిరిగి ఎన్ని వేషాలు వేశాడో, ఎన్ని కల్లబొల్లి కబుర్లతో జనాన్ని నవ్వించాడో, ఇప్పుడు ఆడాల్సింది ఒక్క అబద్ధం.

చెప్పు కోనప్పా, త్వరగా చెప్పు అని ప్రాధేయపడ్డాడు అరిందముడు.

"ఎవరూ లేరమ్మా" అన్నాడు కోనప్ప. "ఉత్త పొద. అడవిలో దొరికేదే. నరకండి."

ఖడ్గం దిగింది. కొమ్మ తెగి నేల మీద పడి, చెయ్యి ముడిచినట్టు ముడుచుకుంది. ఎముకలోంచి ఎముకలోకి పాకిన ఆ నొప్పి లాంటిది అతను ఏ యుద్ధంలోనూ ఎరగడు. అయినా ఆ నొప్పి వెనకే చెల్లెలి చెయ్యి విడిపోయిన తేలిక తెలిసింది. నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు విని మరాళిక కనుబొమలు ముడిపడ్డాయి. తల తిప్పేలోగా కోనప్ప ఆమె రెక్క పట్టి సందులోంచి బయటికి లాగేశాడు. గుర్రాలు సకిలించాయి. డెక్కల చప్పుడు కొండవాలు మీదికి ఎగబాకింది.

తెలివొచ్చిన కంకాళి తల పట్టుకుని లేచింది. "అయ్యగారూ, వెంటపడనా? కనుమ దాటేలోగా పట్టేస్తా!"

ధూమకంఠుడు తెగిపడ్డ కొమ్మను చేతిలోకి తీసుకుని, దాని చివరి పూలగుత్తిని తుంచి వాసన చూశాడు.

"అక్కర్లేదు. కనుమ మీద అన్న లేడని తెలిసిన మరుక్షణం అది గుర్రం తిప్పుతుంది. ఆ వేషగాడు ఎన్ని అబద్ధాలాడినా ఆపలేడు. అన్నను విడిపించడానికి తిరిగొచ్చి, తనంతట తానే కంచెలో నిలబడతానంటుంది. అప్పుడు వీణ్ణి మనిషిని చేద్దాం. వీడు మళ్ళీ దానికోసం నిలబడతాడు. ఈలోగా కాయలు నల్లబడతాయి." మాంత్రికుడు అరిందముడి వైపు తిరిగి, దుమ్ము పట్టిన ఒక ఆకును బొటనవేలితో తుడిచాడు. "ఏం యువరాజా, అంతే కదా?"

అంతేనని అరిందముడికి తెలుసు. తన చెల్లెలు తనకు తెలుసు. రావద్దు, అమ్మడూ, రావద్దు. ఆ మాట వేళ్ళలోంచి మొదలై, మాను గుండా ఎగసి, కొమ్మకొమ్మకూ పాకి, రెమ్మల చివర ఆగింది. అక్కడ మొగ్గలున్నాయి. వేయి మొగ్గలు ఒక్కసారి విచ్చుకున్నాయి. మాటగా రావలసింది తియ్యటి పరిమళమై, లోయంతా చిక్కగా అలుముకుంది.

గాలి మళ్ళింది. ఆ పరిమళాన్ని ఎత్తుకుని సరాసరి కనుమ వైపు సాగింది. పైన, మలుపు దగ్గర, పరుగెడుతున్న రెండు గుర్రాలలో మరాళిక ఎక్కినది ఆగింది.